బుధవారం విమానం

విమానం ఎగిరిపోయాక హాలులో మిగిలిపోయిన వస్తువులు చూస్తే నాకు ప్రశ్నలు పుడతాయి. కుర్చీ సందులో ఇరుక్కున్న మూరెడు కనకాంబరాలు. చిన్నపిల్ల కాలి మేజోడు, ఒకటే. బెంగుళూరు పోయేవాళ్లు కాఫీ కప్పులు వదిలిపోతారు, వైజాగు పోయేవాళ్లు చిత్రాన్నం కట్టుకొచ్చిన కాగితాలు వదిలిపోతారు. ఈ మేజోడు పిల్ల ఒక కాలికి తొడుక్కుని, ఒక కాలికి లేకుండా ఎవరింటికి చేరుతుంది? అక్కడ ఎన్ని రోజులుంటుంది? అడగాలనిపిస్తుంది. కానీ అడక్కూడదు. మాది శుభ్రం చేసే పని. ప్యాసింజర్లతో మాట్లాడకూడదని మా సూపర్‌వైజరు ప్రమీలారాణక్క మొదటి రోజే చెప్పింది.

మా విమానాశ్రయం ఓర్వకల్లు దగ్గర రాళ్లగుట్టల పక్కన ఉంది. పొద్దున బెంగుళూరు విమానం వచ్చిపోయిందంటే మళ్లీ సాయంత్రం దాకా వేడిగాలి తప్ప ఏదీ దిగదు. ఆ ఖాళీలోకి మొన్న ఏప్రిల్‌లో ఒక చిన్న కంపెనీ వేసవి సెలవుల కోసమని వైజాగు విమానం వేసింది. మంగళవారం ఒకటి, శనివారం ఒకటి. మధ్యాహ్నం ఒకటిన్నరకు వైజాగు నుంచి వచ్చినవాళ్లను దింపుతుంది, రెండుంబావుకు ఇక్కడివాళ్లను ఎక్కించుకుని పోతుంది. జూన్ నెలాఖరు దాకా చూస్తారు. సీట్లు నిండితే ఉంచుతారు, నిండకపోతే ఎత్తేస్తారు. ఆ విమానం వచ్చిందనే మధ్యాహ్నం షిఫ్టుకు కొత్తగా ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నారు. అందులో నేనొకదాన్ని.

కాబట్టి ఆ విమానం నిండాలని కంపెనీ కంటే నాకే ఎక్కువ ఆత్రం.

మాది కోసిగి. దీపావళి దాటిందంటే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి పోవడం అంటాం. మూటలు కట్టుకుని గుంటూరు దిక్కు మిరప కోతలకు పోయి, ఎండలు ముదిరాక తిరిగొస్తాం. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు అమ్మానాన్నలతో పోయాను. చేను గట్టున టార్పాలిన్ కింద సాయంత్రాలు పుస్తకం తెరిచేదాన్ని. కాయలు కోసిన వేళ్లతో పేజీ తిప్పి, ఆ వేళ్లే కళ్లకు తగిలితే ఇక చదువు లేదు, నీళ్లు చల్లుకోవడమే. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. హాజరుపట్టీలో నా పేరు మీద ఎర్రగీత ఉంది. ఆ గీత చూసి ఇంటికొచ్చినదాన్ని మళ్లీ ఆ గేటు దాటలేదు.

ఇప్పుడు నా కూతురు సుజనకు ఐదు నిండి ఆరు నడుస్తోంది. జూన్‌లో బడి తెరిస్తే ఒకటో తరగతి. మా ఆయన బసవరాజ్ ఇక్కడి సోలారు ప్లాంటులో పలకలు కడుగుతాడు. వానలు మొదలైతే వానే కడుగుతుంది, ఆయనకు పని ఉండదు. నా జీతం ఉన్నన్నాళ్లే ఓర్వకల్లులో అద్దె గది, గది ఉన్నన్నాళ్లే పాపకు బడి. ఇవి పోతే కోసిగి. కోసిగి నుంచి సుగ్గి. పాపను ఎవరి దగ్గర వదులుతాం? వెంటబెట్టుకునే పోవాలి. పనికి బయల్దేరే ముందు దాని నుదురు మూడుసార్లు తాకి చూసుకుంటాను. ఇంటి ఓనరమ్మకు అప్పగించి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి నీళ్ల సీసా నిండుగా ఉందో లేదో చూస్తాను. నా భయం అలాంటిది.

ఆ భయానికి తగ్గట్టే మా అమ్మ భీమమ్మ ఫోన్ చేసింది.

"లీలా, మేస్త్రి పెద్ద ఈరన్న అప్పుడే సుగ్గికి పేర్లు రాసుకుంటాండాడు. ముందు రాయించుకున్నోళ్లకు రోడ్డు పక్క చేలంట. మీ ఇద్దరివీ రాయమంటావా?"

"ఇంకా ఎండాకాలం కూడా పోలేదు కదమా!"

"పోయినాక అడిగితే అడివిలో చేను ఇస్తాడు. నీళ్లు కూడా ఉండవు ఆడ."

"జూన్ అయిపోనీ మా. అప్పుడు చెప్తా."

జూన్ అయిపోయేదాకా ఆగే పని నాదీ, విమానానిదీ.

శనివారం విమానానికి ఢోకా లేదు. పిల్లలు కుర్చీలెక్కి తొక్కుతుంటారు, తల్లులు అరుస్తుంటారు, నాకు రెండు బస్తాల చెత్త. మంగళవారమే అర్థం కాలేదు. డెబ్భై సీట్లకు పదహారు మంది. ఆ తర్వాతి వారం పద్నాలుగు. హాలంతా అద్దంలా ఉండేది, తుడవడానికి నాకేమీ మిగిలేది కాదు. తుడవడానికి ఏమీ లేకపోతే తుడిచేదాని అవసరమేముంది?

కంపెనీ తరఫున ఇక్కడ అన్నీ చూసుకునేది స్టేషన్ మేడం. ఊరు కేరళలో. నాలుగేళ్లు వైజాగులో పనిచేసి తెలుగు నేర్చుకుంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది అయ్యుంటుంది, అంతే. ఆ మంగళవారం విమానం పోయాక అద్దం దగ్గర నిలబడి, సామాన్ల బండ్లు తోసే ఏసేపన్నను అడిగింది.

"ఏసేపు, మంగళవారం మాత్రం మీ కర్నూలు వాళ్లకి సముద్రం నచ్చదా?"

"సముద్రానికేం మేడం, దినామూ ఉప్పగానే ఉంటాది," అన్నాడు ఏసేపన్న. "మంగళవారం అలలు సెలవు పెడతాయేమో మరి."

మేడం నవ్వలేదు. "టికెట్ ధర ఒకటే. టైమ్ ఒకటే. విమానం కూడా అదే. శనివారం నిండుతుంది, మంగళవారం నిండదు. హెడ్డాఫీసు రోజూ అడుగుతోంది. నేనేం చెప్పాలి?"

నేను వాళ్ల కాళ్ల దగ్గరే తడిగుడ్డ వేస్తున్నాను. నోరు నా మాట వినలేదు.

"మంగళవారం ఎవరు బయల్దేరతారు మేడం?"

దూరంగా ప్రమీలారాణక్క కళ్లు పెద్దవి చేసింది. మేడం మాత్రం నా వైపు తిరిగింది. "అంటే?"

"మంగళవారం, శుక్రవారం ఆడబిడ్డను గడప దాటించరు మేడం. పుట్టింటోళ్లు పంపరు, అత్తగారింటోళ్లూ పంపరు. సెలవులకు పోయేది ఎవరు? ఆడోళ్లు, పిల్లోళ్లే కదా. మొగోడు ఒక్కడే ఆఫీసు పని మీద పోతాంటే మంగళవారమైనా పోతాడు."

మేడం కంప్యూటరు దగ్గరకు వెళ్లింది. కాసేపు చూసి అక్కడి నుంచే పిలిచింది. "ఈరోజు ఎక్కిన పద్నాలుగు మందిలో పదకొండు మంది మగవాళ్లు. పోయినవారం పదహారులో పదమూడు."

ఏసేపన్న బండి ఆపేసి నన్ను చూశాడు.

"మరి ఏ రోజు పెట్టాలి?" అంది మేడం.

ఏడో తరగతి తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగినవాళ్లు ఎవరూ లేరు. బసవరాజ్ కూడా అడుగుతాడు కానీ ఆగడు. ఆమె ఆగింది. నాకు ఒళ్లంతా వెచ్చగా అయింది.

"గురువారం పెట్టండి మేడం. గురువారం రాఘవేంద్రస్వామి దినం. మంత్రాలయం కిటకిటలాడతాది. మా ఊరికి పక్కనే, నాకు తెలుసు. వైజాగు దిక్కు నుంచి కూడా శానామంది వస్తారు. ఈడ ఎక్కేటోళ్లే కాదు, ఆడి నుంచి వచ్చేటోళ్లూ ఉంటారు."

మేడం అక్షరం అక్షరం అడిగి మంత్రాలయం అని రాసుకుంది.

ఆమె లోపలికి వెళ్లగానే ప్రమీలారాణక్క వచ్చింది. "ఏమ్మే లీలా, ఆ గుడ్డ నాకిచ్చి నువ్వు పోయి ఇమానం నడుపు. తుడిచేది నేను తుడుస్తాలే."

మే నెల మధ్యలో మంగళవారం విమానం నిజంగానే గురువారానికి మారింది. నోటీసు అంటించిన రోజు నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. ఇంటికెళ్లి చెబితే బసవరాజ్ నమ్మలేదు.

"నువ్వు చెప్తే మార్చినారా? ఇమానాన్నా?"

"నేను చెప్పినాను. వాళ్లు మార్చినారు. రెండూ నిజమే."

"మా సూపర్‌వైజరుకు కూడా ఒక మాట చెప్పరాదా. ఆదివారం సెలవిమ్మని!" అని తొడ చరిచి నవ్వాడు. మర్నాటికి ప్లాంటులో అందరికీ తెలిసిపోయింది.

సుజనకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. "అమ్మా, మంగళవారం రావద్దని ఇమానానికి ఎవరు చెప్తారు?"

"పైలట్టు చెప్తాడు."

"పైలట్టుకి?"

"మేడం."

"మేడానికి?"

నేనని చెప్పలేదు. పిల్లల ముందు గొప్పలు చెప్పుకుంటే దిష్టి తగులుతుందని మా అమ్మ అంటుంది.

మొదటి గురువారం అద్దం దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఇక్కడ ఎక్కినవాళ్లు ఇరవై ఆరు. ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు, పరవాలేదు. కానీ వైజాగు నుంచి దిగినవాళ్లు పదకొండు మందే. రెండో గురువారం తొమ్మిది మంది. వచ్చేటప్పుడు ఖాళీగా వస్తే, పోయేటప్పుడు సగం నిండినా ఆ విమానం నిలవదంట. ఏసేపన్న చెప్పాడు.

మేడం నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ భయం. ఆమె ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే గురువారం అనే మాట ఎక్కడ వస్తుందా అని వినేదాన్ని. థర్స్‌డే అని వచ్చినప్పుడల్లా ఆమె గొంతు తగ్గేది.

"కోసిగి నుంచి పంచాంగం అయ్యోరు దిగినారు," అంది ప్రమీలారాణక్క, బకెట్ నా ముందు పెడుతూ. తర్వాత కొంచెం మెత్తగా, "ఇమానం పోతే నీ ఒక్కదాని పనే కాదు లీలా. నీతో పాటు చేరిన సుంకమ్మకు ఇద్దరు బిడ్డలు. గుర్తుందా?"

గుర్తుంది. సుంకమ్మ ముఖం చూడలేక ఆ వారమంతా నేనే ముందుగా వెళ్లి మరుగుదొడ్లు కడిగాను.

మూడో గురువారం నేను ఆడవాళ్ల మరుగుదొడ్డి దగ్గరే ఉన్నాను. ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ముఖం కడుక్కుని, గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారబోయింది. నేను పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాను.

"పెద్దమ్మా, నీళ్లు తాగుతారా?"

"నీళ్లు తాగొచ్చులేమ్మా. ఇంకేటీ తినకూడదు, ఉపవాసం." రెండు గుక్కలు తాగింది. "నా పేరు కృష్ణవేణమ్మ. మాది అనకాపల్లి దగ్గర. మంత్రాలయం ఇక్కణ్నించి ఎంతసేపు పడతాదమ్మా?"

"కారులో రెండున్నర గంటలు."

"ఓలమ్మో! అప్పుడికి సాయంత్రం అయిపోదేటి?" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏడు గురువారాలు ఉపవాసం ఉంటానని మొక్కుకున్నానమ్మా. ఏడో గురువారం పొద్దున్నే స్వామికి అభిషేకం జరుగుతుంటే కళ్లారా చూసి విడుస్తానని. ఇదే ఏడోది. మా వాళ్లు ఎనిమిది మంది నిన్ననే రైల్లో వచ్చి దిగిపోనారు. నీకు మోకాళ్ల నొప్పులు, నువ్వు హాయిగా విమానంలో రా అన్నాడు మా అబ్బాయి. వచ్చానమ్మా హాయిగా! వాళ్లేమో పొద్దున్నే అభిషేకం చూసీసి, ప్రసాదం తినీసి, ఎంత బాగుందో నాకు ఫోన్‌లో చెప్తున్నారు."

నీళ్ల సీసా మూత బిగించాను. ప్యాసింజర్లతో మాట్లాడకూడదు. అయినా అడిగాను.

"మీరు ఏ దినం వచ్చుంటే బాగుండేది పెద్దమ్మా?"

"ఇంకేటి, నిన్నే! గురువారం స్వామిదమ్మా. బుధవారం మాది. వచ్చి చేరాలి కదా."

ఆమెను కారు దాకా పట్టుకుని నడిపించాను. సాయంత్రం రథోత్సవం ఉంటుందని, అది చూసి విడవచ్చని చెప్పాను. "నువ్వు చెప్పావు కాబట్టి విడుస్తానులే," అని నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. నేను చెప్పినవి నమ్మినవాళ్లలో ఆమె రెండోది. మొదటిది మేడం.

తప్పు ఎక్కడ చేశానో తెలిసిపోయింది. కోసిగిలో గురువారం అంటే ఏముంది? తెల్లారి లేచి, నెత్తిన నీళ్లు పోసుకుని, రైలెక్కి సర్దుకుని కూర్చునేలోపే మంత్రాలయం రోడ్డు స్టేషన్. తుంగభద్రలో మునిగి, స్వామిని చూసి, మఠంలో అన్నం తిని, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం. స్వామి దినమూ మేము బయల్దేరే దినమూ మాకు ఒకటే. లోకం మొత్తానికీ నేను మా ఇంటి గడప నుంచే దూరం కొలిచాను. వైజాగులో ఉన్నవాళ్లను కూడా కోసిగిలోనే కూర్చోబెట్టి లెక్క చెప్పాను.

చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుంది? విమానం పోతుంది, జనం లేక పోయిందనుకుంటారు. చెబితే నా వల్ల పోయిందని తెలుస్తుంది. హాలు తుడవడం పూర్తయ్యేదాకా ఈ రెండింటి మధ్యే తిరిగాను. ఆఖరికి గుడ్డ పిండి, చేతులు తుడుచుకుని, మేడం గది తలుపు దగ్గర నిలబడ్డాను.

"మేడం, నేను చెప్పింది తప్పు."

ఆమె తల ఎత్తింది. పెద్దావిడ సంగతంతా చెప్పాను. కోసిగి సంగతి కూడా చెప్పాను. మేడం కంప్యూటరులో పటం తెరిచి, ఓర్వకల్లు మీద ఒక వేలు, మంత్రాలయం మీద ఒక వేలు పెట్టి చూసింది. తర్వాత కోసిగి ఎక్కడ అని అడిగింది. చూపించాను. మంత్రాలయాన్ని ఆనుకునే ఉంది, చిన్న చుక్క.

"ఇది ముందే చెప్పాల్సింది," అంది.

"ముందు నాకే తెల్దు మేడం."

ఆమె పటం మూసేసింది. "నాకూ తెలియదు. నువ్వు ఊరు పేరు చెప్పావు. దూరం చూడాల్సింది నేను. నేను చూడలేదు." కుర్చీ వెనక్కి జరిపింది. "కానీ ఇంకోసారి మార్చమంటే హెడ్డాఫీసు నవ్వుతుంది. ఒక పెద్దావిడ చెప్పిందంటే ఒప్పుకోరు."

"ఎందరు చెప్తే ఒప్పుకుంటారు?"

మేడం నన్ను కొత్తగా చూసింది. "యాభై మంది?"

"నన్ను అడగనిస్తే అడుగుతా. ప్రమీలారాణక్కకు మీరే చెప్పాల."

సుజన బడికని కొన్న కొత్త నోటుబుక్కులో మొదటి పేజీ నేనే పాడుచేశాను. ఏ ఊరు, ఎక్కడికి పోతున్నారు, ఏ రోజు విమానం ఉంటే మీకు బాగుంటుంది. మూడే ప్రశ్నలు. పెన్ను పట్టి ఎన్నేళ్లయిందో, వైజాగులో 'జా' రాయబోయి రెండుసార్లు కొట్టేశాను. జనం, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టే చెప్పేవాళ్లు. ఎక్కడికి పోతున్నారమ్మా అంటే ఎందుకు పోతున్నారో, ఎవరు వద్దన్నారో, ఎవరు డబ్బిచ్చారో అన్నీ చెప్పేవాళ్లు. సముద్రం చూడాలని నలభై ఏళ్లుగా అనుకున్న ఆదోని ఆమె ఒకామె. ఒక బేతంచెర్ల ఆయన మాత్రం, "ఏ వారమైనా పెట్టుకోండి తల్లీ, మా అత్తకు ముందు చెప్పకుండా ఉంటే చాలు," అన్నాడు. అది కూడా రాశాను.

రెండో శనివారం ప్రమీలారాణక్క వచ్చి పుస్తకం లాక్కుంది. తిడుతుందనుకున్నాను. "ఒక్కదానివే ఎందరిని అడుగుతావు? దిగేటోళ్లను నువ్వు అడుగు, ఎక్కేటోళ్లను నేను అడుగుతా," అంది. ఆమె అడిగితే పెద్దమనుషులు కూడా నిలబడి జవాబు చెప్పేవాళ్లు. సూపర్‌వైజరు గొంతు కదా.

అరవై నాలుగు మంది అయ్యారు. నలభై మందికి పైగా బుధవారం అన్నారు. అప్పుడు ఇంకొక సంగతి బయటపడింది, అది నేను అనుకోనిది. వైజాగు వాళ్లు బుధవారం దిగితే గురువారం పొద్దున మంత్రాలయం, శుక్రవారం మహానంది, శనివారం మళ్లీ ఇదే విమానం ఎక్కి ఇల్లు. మా వాళ్లు బుధవారం ఎక్కితే రెండు రోజులు సముద్రం, సింహాచలం, శనివారం ఇల్లు. అటు వాళ్లు ఇటు, ఇటు వాళ్లు అటు, ఒకే విమానం. మేడం ఆ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి పంపింది. నా కొట్టివేతలు కూడా హెడ్డాఫీసుకు పోయాయి.

జవాబు రాకముందే జూన్ పన్నెండు వచ్చింది.

సుజనను బడిలో చేర్చడానికి నేనే తీసుకెళ్లాను. గేటు దగ్గర నా కాళ్లు ఆగాయి, పాప చెయ్యి పట్టుకుని లాగింది. లోపల టీచరమ్మ మా ఊరు పేరు విని కళ్లద్దాలు తీసింది.

"కోసిగి వాళ్లా? ఏడాదంతా ఉంటారా అమ్మా? మీ వైపు పిల్లలు దీపావళి దాకా వస్తారు, తర్వాత కనపడరు. నేను పేరు రాయడం, కొట్టెయ్యడం."

"ఉంటాం మేడం," అన్నాను. ఎలా ఉంటామో నాకే తెలియదు. ఆమె నీలం సిరాతో సుజన అని రాసింది. ఆ సిరా ఆరేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

తర్వాతి సోమవారం నోటీసు మారింది. జూన్ ఆఖరి రెండు వారాలు, గురువారం బదులు బుధవారం. చివరి పరీక్ష అన్నమాట.

ఆ బుధవారం ఒకటిన్నరకు విమానం దిగింది. అద్దం ఇవతల నేను, సుంకమ్మ, బండ్లతో ఏసేపన్న, ఏమీ పట్టనట్టు ప్రమీలారాణక్క. తలుపు తెరుచుకుంది. మొదట ఒక ముసలాయన, చేతికర్ర. తర్వాత ఎర్రంచు చీరల్లో నలుగురు ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు, పిల్లలు. నేను పెదవులు కదలకుండా లెక్కపెడుతున్నాను. ఇరవై దాటింది. ముప్ఫై దాటింది. నలభై దగ్గర సుంకమ్మ నా మోచెయ్యి పట్టుకునేసరికి లెక్క తప్పింది.

"నలభై తొమ్మిది," అంది ప్రమీలారాణక్క, మా వైపు చూడకుండానే. "నిలబడి చూస్తాండారేమే? వాళ్లంతా మొదట యాడికి పోతారు? మరుగుదొడ్డికే. నడవండి!"

రెండో బుధవారం అరవై ఒక్కరు.

జూన్ నెలాఖరున మేడం నన్ను గదిలోకి పిలిచింది. "ఉంచుతున్నారు," అంది. "అక్టోబరు చివరి దాకా. అప్పుడు మళ్లీ చూస్తారు."

"అక్టోబరు దాకానే ఏంటికి మేడం?"

"విమానాలకి ఏడాదిలో రెండే కాలాలు. మార్చి చివర నుంచి అక్టోబరు చివర దాకా ఎండాకాలం. తర్వాత చలికాలం. కాలం మారితే టైమ్ టేబుల్ మొత్తం మళ్లీ రాస్తారు."

"వానాకాలం లేదా?"

"లేదు."

వానాకాలం లేని లోకం ఒకటి ఉందని బసవరాజ్‌కు చెప్పాలి, సంతోషిస్తాడు అనుకున్నాను. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. అక్టోబరు చివర అంటే దీపావళి అటో ఇటో. మా సుగ్గి మొదలయ్యేదీ అప్పుడే. విమానాల కాలమూ మా ఊరి కాలమూ ఒకే చోట మారుతున్నాయి.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "జూన్ అయిపోయింది కదా లీలా. ఈరన్న వాకిట్లోనే కూర్చోనుండాడు. రాయమంటావా?"

సుజన నేల మీద బోర్లా పడుకుని అ ఆలు దిద్దుతోంది. నేను పాడుచేసిన పేజీలన్నీ తిప్పేసి, ఆ తర్వాతి పేజీ నుంచి మొదలుపెట్టింది.

"రాయొద్దను మా. ఇమానాన్ని అక్టోబరు దాకా ఉంచినారు."

"దీపావళికి ఇమానం పోతేనో? అప్పుడు అడిగితే చేను దొరకదు, చూసుకో."

"పోకుండా ఏం చేయాలో చూస్తా."

"నువ్వు చూస్తే ఇమానం ఆగుతాదా నా తల్లీ?"

"ఆగదు. ఎవరెవరు యాడికి పోవాలనుకుంటాండారో అడుగుతా. మొదట తప్పు చెప్తానేమో, మళ్లా అడుగుతా."

అమ్మ ఫోన్ పక్కకు పెట్టి, "రాయొద్దంట ఈరన్నా," అని చెప్పడం వినిపించింది. ఆయన ఏదో అన్నాడు, అది వినపడలేదు.

శనివారం పనికి పోతూ పాప నుదురు తాకి చూశాను. ఒక్కసారే. సుజనను అడిగి నోటుబుక్కు చివరి నాలుగు పేజీలు చింపుకున్నాను. మధ్యాహ్నం మరుగుదొడ్డి దగ్గర ఒకామె ఇద్దరు కోడళ్లతో వచ్చి చేతులు కడుక్కుంటోంది, వైజాగు మాటే.

"అమ్మా, ఒక్క మాట," అన్నాను. "దీపావళి మర్నాటి నుంచి కార్తీకం కదా. కార్తీకంలో మీరు ఎక్కడికి పోతారు?"

ఆమె పెద్దకోడలి వైపు చూసింది. పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసింది. ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. నేను పెన్ను తీశాను.